విజ్ఞాన చిత్రంలో సువార్తమ్మ

2022 ఆగస్టులో మా కంపెనీ నన్ను సర్టిఫికేషన్ విభాగానికి ఇన్‌ఛార్జిగా వేసింది. విభాగం అంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. దుబాయ్‌లో, కరామాలో ఒక పాత భవనం రెండో అంతస్తులో మా ఆఫీసు. అందులో చివరి గది మాది. ఆ గదిలో నేనూ, ఎడిటింగ్ టెక్నీషియన్ సలీమూ. తెలుగు, తమిళ సినిమాలను గల్ఫ్ దేశాల్లో విడుదల చేసే పంపిణీ సంస్థ మాది.

ఏ సినిమా అయినా తెర మీదికి వెళ్ళే ముందు ఏ వయసు వాళ్ళు చూడవచ్చో ప్రభుత్వం తేల్చాలి. దాని కోసం మేము సినిమా మొత్తం చూసి కథాసారం, అభ్యంతరకరమైన సన్నివేశాల పట్టిక, మా తరఫున సూచించే కోతలు రాసి పంపిస్తాం. చివర ‘చూసి ధ్రువీకరించడమైనది’ అని ఒక వాక్యం ఉంటుంది. దాని కింద సంతకం నాది. అధికారులు మా కాగితాన్ని నమ్మి ఊరుకోరు, వాళ్ళు కూడా సినిమా చూస్తారు. అయితే కాగితంలో ఒకటి ఉండి తెర మీద ఇంకొకటి కనిపిస్తే ఆ తరవాత ఆ కంపెనీ మాటకు విలువ ఉండదు. అందుకే ఈ ఉద్యోగానికి పాతవాళ్ళను పెడతారు. బెజవాడ గాంధీనగర్‌లో ఒక ఫిల్మ్ డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో గుమాస్తాగా చేరినప్పుడు ఆ ఆఫీసు మొత్తానికి నేనొక్కదాన్నే ఆడదాన్ని. అప్పటినుంచీ ఈ వ్యాపారంలోనే ఉన్నాను.

చేరిన నెలలోనే మా జనరల్ మేనేజరు చక్రధర్ గారు ఒక సినిమా పట్టుకొచ్చారు. పేరు ‘కొత్త కాపురానికి నాలుగు మాటలు’. ఎప్పటిదో పాత సినిమా. దాన్ని డిజిటల్ చేసి, మాటలు కొత్తగా డబ్బింగ్ చెప్పించి ఎవరో అమ్మారు. థియేటర్ల కోసం కాదు, దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్ వైపు కార్మికుల క్యాంపుల్లో వినోదపు హాళ్ళుంటాయి, అక్కడ సెలవు రోజుల్లో ఆటలు వేయాలన్నది ఆయన ఆలోచన. కరోనా తరవాత ఆ హాళ్ళు అప్పుడప్పుడే మళ్ళీ తెరుచుకుంటున్నాయి. పోస్టరు మీద తెల్లకోటు డాక్టరు, పక్కన ఒక పడుచు తల్లి మొహం, కింద ‘లైంగిక విజ్ఞాన చిత్రం’ అనే అక్షరాలు. నేను కథాసారంలో దీన్ని ఆరోగ్య విద్యా చిత్రం అని రాయాలి. అలా రాస్తే క్యాంపు మేనేజర్లకూ గౌరవంగా ఉంటుందని, పని సులువుగా అయిపోతుందని ఆయన లెక్క.

ఈ రకం సినిమాలు నాకు కొత్త కాదు. బెజవాడలో వీటికి ఉదయం ఆటలు వేసేవాళ్ళు. ‘పెళ్ళయినవారికి మాత్రమే’ అని గోడల మీద రాసేవారు, ఒక్కోచోట ఆడవాళ్ళకు ప్రత్యేక ఆటలు కూడా ఉండేవి. విశ్రాంతికి ముందు డాక్టరు వేషంలో ఒకాయన వచ్చి కర్రతో పటం చూపిస్తూ ఉపన్యాసం ఇస్తాడు. ఆ ఉపన్యాసమే సినిమాకు రక్షణ కవచం. ఎవరైనా అడిగితే ఇది చదువు అని చెప్పుకోవచ్చు. ఆ చదువు మధ్యలో అసలు సినిమాతో సంబంధం లేని ముక్కలు అతికిస్తారు. వాటిని మా వ్యాపారంలో బిట్లు అంటారు. జనం వచ్చేది బిట్ల కోసం, ఇంటికి పట్టుకుపోయేది ఉపన్యాసంలో విన్న లేనిపోని భయాలు.

సలీం, నేను కూర్చుని సినిమా చూశాం. సలీంది నిజామాబాద్. ఎడిటింగ్ టేబుల్ ముందు అతని కన్ను చాలా చురుకు. డాక్టరు మెడలో స్టెతస్కోపు తిరగేసి వేసుకున్నాడు. బిడ్డలు పుట్టకపోతే తప్పంతా ఆడదానిదేనని, మొదటి రాత్రి దుప్పటి చూసి మనిషి గుణం చెప్పవచ్చని ఘంటాపథంగా చెబుతున్నాడు. తరవాత ఆస్పత్రి మంచం మీద పసిబిడ్డను ఒళ్ళో పెట్టుకున్న ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై, ఇరవై రెండేళ్ళుంటాయి. చక్కటి కళ్ళు. ఆమె నోటి నుంచి వచ్చిన మాటలు మాత్రం నేనిక్కడ రాయలేను. పడకగది సంగతులు ఎవరో గొంతు సాగదీసి గునుస్తూ చెప్పినట్టున్నాయి. ఆ వెంటనే స్నానపు గది. తడిచీర, భుజాలు, నడుము. మొహం కనిపించదు. బట్టలు లేని దృశ్యం ఒక్కటీ లేదు, ఉంటే ఈ దేశంలో గడప దాటదు. అందుకే జాగ్రత్తగా గీత ఇవతలే ఆగారు. ప్రతిసారీ ముందు ఆ అమ్మాయి మొహం, తరవాత ఆ ఒళ్ళు.

సలీం బొమ్మను ఆపి, “మేడమ్, గీడ సూడుండ్రి. మొఖం మీద కిటికీ ఎలుగు పడ్తాంది, ఒంటి మీద లైటు ఎలుగు. ఈమె, ఆమె ఒక్కరు కాదు” అన్నాడు.

బిట్టు అని నాకూ అనిపించింది. మర్నాడు చక్రధర్ గారితో ఇది విద్యా చిత్రం అని నేను రాయలేనని చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. రెండేళ్ళుగా మూతబడిన వ్యాపారాన్ని నిలబెట్టాలనే ఆరాటంలో ఉన్నారు. “అందరూ రాసేదే కదా పద్మజ మేడమ్, దీన్ని పెద్ద ఇష్యూ చెయ్యకండి” అన్నారు. తరవాత మామూలుగా అన్నట్టే, నా వీసా రెన్యువల్ దగ్గర పడుతోంది కదా అని గుర్తుచేశారు. మా ఆయన అప్పటికే రిటైరయ్యారు, ఆయన వీసా నా వీసా మీదే నడుస్తోంది. నేను నా గదికి వచ్చేశాను.

సంతకం కాకముందే టీజరు బయటికి పోయింది. మార్కెటింగ్ వాళ్ళు వాట్సాప్ గ్రూపుల్లో వదిలేశారు. అందులో ఉన్నది ఆ అమ్మాయి మొహం, ఆ గునుపు మాటలు, స్నానపు గది నీడ. చివర మా ఆఫీసు చిరునామా.

ఆ ఆదివారం ఒకామె మా ఆఫీసుకొచ్చింది. సినిమావాళ్ళకు ఆదివారం పనిదినమే. నలభై దాటిన మనిషి, నూలుచీర మీద స్కార్ఫ్ కప్పుకుంది. రిసెప్షన్‌లో ఎవరితో మాట్లాడాలో తెలియక నిలబడి ఉంటే, ఆడమనిషిని నేనే కదా అని నా దగ్గరికి పంపారు. పేరు సువార్తమ్మ. ఊరు రాజోలు దగ్గర. జుమేరాలో ఒక అరబ్బుల ఇంట్లో వంట చేస్తుంది, పిల్లల్ని చూసుకుంటుంది. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చుంది. ఫోను తీసి టీజరు చూపించి, “ఇది మీదేనాండి?” అని అడిగింది.

మా కంపెనీదేనని చెప్పాను.

“ఆ మొహం నాదండి. ఆ ఒళ్ళు నాది కాదండి, ఆ మాటలూ నావి కాదండి” అంది.

నేను ఆమె కళ్ళలోకి చూశాను. ఇరవై ఏళ్ళు మీద పడ్డాయి గానీ కళ్ళు అవే.

ఆమె ఏడవలేదు. నెమ్మదిగా చెప్పుకొచ్చింది. మొదటి కాన్పుకి ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఎవరో స్వచ్ఛంద సంస్థ వాళ్ళమని కెమెరాతో వచ్చారు. పల్లెల్లో బాలింతలకు చూపించే ఆరోగ్య సినిమా తీస్తున్నామన్నారు. వార్డులో అందరికన్నా సువార్తమ్మ గలగలా మాట్లాడుతుందని నర్సమ్మ ఆమెను చూపించింది. బిడ్డకు పాలెలా పట్టాలో నర్సమ్మ చెప్పింది చెప్పినట్టు కెమెరా ముందు చెప్పింది. ఆ తరవాత ఆ సినిమా ఏమైందో ఆమెకు తెలియదు. “మంచి పనికేనని చెప్పానండి. మా అమ్మ కూడా పక్కనే కూచుందండి” అంది.

ఇప్పుడు ఆమె తమ్ముడు ప్రసాదు ఉమ్ అల్ క్వైన్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. అతని గదిలో ఎవరో టీజరు పెట్టారు. పడుచుతనంలో అక్క మొహాన్ని తమ్ముడు గుర్తుపట్టకుండా ఉంటాడా? గదిలోవాళ్ళు అడిగారు, నవ్వారు. అతను ఆమెకు ఫోను చేసి ఒక్క మాట అన్నాడట: “ఇంక నాకు ఫోన్ చెయ్యకే.” ఆ తరవాత ఫోను ఎత్తడం లేదు. పనిచేసే ఇంట్లో మేడమ్ చూస్తే ఏమవుతుందోనన్నది ఇంకో భయం.

ఒకరి బొమ్మను వాళ్ళ అనుమతి లేకుండా ఇలా వాడటం ఈ దేశంలో పెద్ద నేరమని, పోలీసులకు ఫిర్యాదు చేసుకోవచ్చని, తోడు నేనొస్తానని చెప్పాను. ఆమె ఆలోచించింది. పోలీసులంటే చేసే ఇంట్లో చెప్పాలి, కారణం చెప్పాలి, బొమ్మ చూపించాలి. “ముందు ఆ సినిమా ఆగితే చాలండి. మా వోడు నన్ను అక్కా అని పిలిస్తే చాలండి” అంది.

నేను సంతకం పెట్టనంటే సరిపోతుంది. కానీ ఇంకొకరెవరో పెడతారు, లేకపోతే అనుమతి లేకుండానే ఫోన్లలో తిరుగుతుంది. అది ఆమె కాదని నలుగురి ఎదుట తేలాలి. ఆమె అక్కడుండగానే నా అనుమానం సలీంతో చెప్పాను. డబ్బింగ్ కొత్తది కదా, పాత శబ్దం ఏమైంది? మాకు వచ్చే డిజిటల్ ఫైల్లో బొమ్మ ఒక వరస, సంగీతం ఒక వరస, మాటలు ఒక వరసగా ఉంటాయి. ఈ వరసలను ట్రాకులంటారు. హడావిడిగా పనిచేసేవాళ్ళు పాత ట్రాకును తీసెయ్యకుండా నోరు నొక్కి వదిలేస్తారు. సలీం ఫైలు మొత్తం విప్పి వెతికాడు. కొత్త మాటల కింద ఇంకో ట్రాకు మ్యూట్‌లో పడుంది. దాన్ని తెరిచాడు.

గదిలో ఒక పడుచు గొంతు పలికింది. గోదావరి యాస. వెనక ఎక్కడో పసిబిడ్డ ఏడుపు, ఫ్యాను చప్పుడు.

“ముర్రుపాలు పిండి పారబొయ్యకండమ్మా. పసుప్పచ్చగా ఉన్నాయని భయపడకండి. అయ్యే బిడ్డకి బలం. పుట్టిన గంటలో పట్టేయండి. తేనె నాకించకండి…”

పెదాలు మాటకు మాట సరిపోయాయి. నా పక్కన కూర్చున్న సువార్తమ్మ నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి చెయ్యి తీసి, “నా గొంతేనండి… ఎంత సన్నంగా ఉందో చూడండి” అని నవ్వింది. ఆమె నవ్వడం అదే మొదటిసారి చూశాను.

ఆ వారంలోనే ప్రివ్యూ ఉంది. సినిమా కొనబోయే వాళ్ళకు ముందుగా వేసి చూపించే ఆటను ప్రివ్యూ అంటారు. మా భవనంలోనే చిన్న హాలు. నలుగురు క్యాంపు మేనేజర్లు, చక్రధర్ గారు, మార్కెటింగ్ వాళ్ళు వస్తారు. మా కంపెనీ లైసెన్సులో భాగస్వామి అయిన స్థానిక అరబ్బు పెద్దాయన కూడా వస్తాడు. ఆఫీసులో అందరం ఆయన్ని కఫీల్ అనే అంటాం. నా హోదాలో ఉన్నవాళ్ళు ప్రివ్యూకి ముందు లేచి సినిమా గురించి నాలుగు మాటలు చెప్పడం ఆనవాయితీ. ఆ నాలుగు మాటల్లోనే చెప్పాలని నిర్ణయించుకున్నాను. సువార్తమ్మను రావద్దన్నాను. పదిమంది మగవాళ్ళ మధ్య ఆ బొమ్మ చూస్తూ ఆమె కూర్చోవడం నాకే కష్టంగా అనిపించింది.

ఆమె ఒప్పుకోలేదు. “ఇన్నాళ్ళూ నా నోటితో వాళ్ళు మాట్లాడారండి. ఒక్కసారి నన్ను మాట్లాడనివ్వండి” అంది. చేసే ఇంట్లో ఆస్పత్రి పనుందని చెప్పి సెలవు తీసుకుని వచ్చింది.

ఆ పూట హాల్లో నేను లేచి, ధ్రువీకరించే అధికారిగా నేను ఈ చిత్రానికి సంతకం పెట్టడం లేదని, కారణం చూపిస్తానని చెప్పాను. చక్రధర్ గారు సగం లేచారు. కఫీల్ చెయ్యి చూపి కూర్చోమన్నాడు. సలీం ముందు టీజరులో ఉన్న ముక్కను కొత్త మాటలతో వేశాడు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. వెంటనే అదే ముక్కను బిట్టు లేకుండా, పాత ట్రాకుతో వేశాడు. ముర్రుపాల మాట హాలంతా వినిపించింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. దీపాలు వేయించి, “ఆ తల్లి ఈవిడే” అన్నాను.

సువార్తమ్మ లేచి నిలబడింది. 

“బాబూ, నేనో బాలింతనండి అప్పుడు. పదిమంది బిడ్డలకి మంచి జరుగుద్దని మాట్లాడానండి. నా మాట తీసేసి మీ మాట పెట్టారు. నా మొహం కింద ఎవరిదో ఒళ్ళు పెట్టారు. ఆ ఒళ్ళు కూడా ఏ తల్లి బిడ్డదో కదండీ. మీ ఇళ్ళల్లో ఆడోళ్ళ మొహానికి ఇలా చేస్తే మీరు టిక్కెట్టు కొనుక్కుని చూస్తారాండి?”

కఫీల్‌కు తెలుగు రాదు. పడుచుతనంలో బొంబాయి వ్యాపారాల వల్ల హిందీ బాగా వచ్చు. సలీం పక్కన కూర్చుని మాటకు మాట హిందీలో చెప్పాడు. ఆయన అంతా విని, తెర వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూసి, చక్రధర్ గారితో, “యే పిక్చర్ నహీ చలేగా. ఖలాస్” అన్నాడు. తరవాత లేచి నిలబడి, గుండె మీద చెయ్యి పెట్టుకుని ఆమెకు “మాఫ్ కర్నా, బెహెన్” అన్నాడు. ఈ వ్యాపారంలో ఇన్నేళ్ళలో ఒక కంపెనీ యజమాని వంటమనిషికి క్షమాపణ చెప్పడం నేను చూసింది అప్పుడే.

నేను ఊహించని మలుపు ఆ వెంటనే వచ్చింది. మల్లేశ్ అని జగిత్యాల మనిషి, ఒక పెద్ద క్యాంపుకు మేనేజరు. అతను చెయ్యి ఎత్తి, “మేడమ్, గా ఖరాబ్ సినిమా మాకొద్దు. గీ అక్క మాట్లాడిన ముక్క ఉన్నది గదా, గది ఇయ్యిండ్రి. మా క్యాంపుల సగం మంది పోరగాండ్ల భార్యలు ఊర్ల కడుపుతోని ఉన్నరు. గిసొంటి మాటలు చెప్పెటోళ్ళు ఎవ్వరు లేరు మాకు” అన్నాడు. పక్కనున్న మేనేజర్లు కూడా తల ఊపారు.

ఇవ్వాలా వద్దా అన్నది చెప్పాల్సింది సువార్తమ్మే. ఆమె ఒక్క షరతు పెట్టింది. ఆ ముక్కకు ముందు ఇప్పటి తన మొహంతో, తన పేరు చెప్పుకుని తనే మాట్లాడతానంది. మా గదిలోనే సలీం కెమెరా పెట్టాడు. “నా పేరు సువార్తమ్మండి. ఈ పిల్ల నేనేనండి. ఈ పిల్ల అసలు ఏం చెప్పిందో వినండి” అని ఆమె చెప్పిన తరవాత పాత ముక్క మొదలవుతుంది. దానికి కథాసారం నేను రాశాను. ఆరోగ్య విద్యా చిత్రం అని రాసి మనసారా సంతకం పెట్టాను. సక్రమంగా అనుమతి తెచ్చుకుని, టీజరు వెళ్ళిన గ్రూపులన్నిటికీ దాన్ని పంపించాం. దానితో పాటు, టీజరు తప్పుడు అతుకు అని, దాన్ని చెరిపెయ్యమని కంపెనీ పేరుతో ఒక ప్రకటన. ఆ ప్రకటన మీద సంతకం చక్రధర్ గారిది. పెట్టేటప్పుడు ఆయన మొహం చిన్నబోయింది గానీ, కలం పక్కన పెట్టి, “మీరు చెప్పినప్పుడే వినాల్సింది మేడమ్” అన్నారు. నా వీసా కాగితాలు ఆ వారమే కదిలాయి.

అవి పంపిన తరవాతి ఆదివారం మధ్యాహ్నం సువార్తమ్మ నాకు ఫోను చేసింది. వెనక గోలగా ఉంది. కరామాలో వాళ్ళ ఊరి ఆడవాళ్ళు నలుగురైదుగురు కలిసి అద్దెకుంటున్న గదికి సెలవు రోజున వెళ్తుంటుంది. “ఒకసారి రండమ్మా, చూద్దురుగాని” అంది. ఆఫీసు నుంచి నడిస్తే దగ్గరే. వెళ్ళాను.

గదిలో కింద చాప మీద ప్రసాదు కూర్చుని ఉన్నాడు. ముప్పై ఐదేళ్ళ మనిషి, అక్క వైపు చూడలేక చాప అంచు గిల్లుతున్నాడు. ఉమ్ అల్ క్వైన్ నుంచి బస్సెక్కి వచ్చాడు. ఒక్కడూ రాలేదు. తన గదిలో ఆ రోజు నవ్విన ఇద్దర్నీ వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ళొచ్చి ఆమెకు చెప్పాల్సింది చెప్పారట. నేను వెళ్ళేసరికి ఆ ఘట్టం అయిపోయింది. సువార్తమ్మ తమ్ముడి ముందు పళ్ళెం పెట్టి చేపల పులుసు వడ్డిస్తోంది.

“అక్కా, చాలే” అన్నాడు ప్రసాదు.

“ఇంకో ముక్క తినరా, ఎండిపోయావు” అంది ఆమె. ఆ ‘అక్కా’ వినపడగానే నా వైపు తిరిగి ఒక్క చూపు చూసింది.

ఇద్దరిలో ఒకతనిది తణుకు వైపు. అతని భార్యకు నెలలు నిండాయి. చెయ్యి కడుక్కుని బిడియపడుతూ ఫోను అందించాడు. “సువార్తమ్మక్కా, మా ఆవిడకి మీరే చెప్పండక్కా. మా అమ్మేమో ఆ పాలు పారబొయ్యాలంటంది” అన్నాడు. సువార్తమ్మ చెయ్యి తుడుచుకుని ఫోను తీసుకుంది. చెవికి ఆనించుకుని, ఆస్పత్రి మంచం మీద మాట్లాడిన పిల్లలాగే గలగలా మొదలుపెట్టింది. ఆ తల్లికీ, అత్తగారికీ విడివిడిగా చెప్పింది. అత్తగారు ఎదురాడితే ఇంకాస్త గొంతు పెంచింది. గదిలో అందరం నవ్వాం. ఇంకో ఫోను రెడీగా ఉంది. రెండో అతని మరదలికి.

నేను రిటైరయ్యే వరకూ మా కంపెనీలో ఒక పద్ధతి నడిచింది. విద్య, విజ్ఞానం, అవగాహన అని పేరు పెట్టుకుని ఏ చిత్రం వచ్చినా, అందులో కనిపించే మామూలు మనుషులెవరో, తమను ఎక్కడ చూపిస్తున్నారో వాళ్ళకు తెలుసో లేదో తేలాకే కథాసారం రాసేవాళ్ళం. దానివల్ల కొన్ని సినిమాలు మా చెయ్యి జారిపోయాయి, పోనిచ్చాం. నా తరవాత ఆ కుర్చీలోకి వచ్చినవాళ్ళకు నేను అప్పజెప్పింది ఒకటే: పాఠం చెప్పే సినిమా అని ఎవరైనా తెస్తే, అందులో ఉన్న మనిషిని మీ పక్కన కూర్చోబెట్టుకుని చూడగలరేమో ఆలోచించుకోండి. చూడలేకపోతే అది పాఠం కాదు, సంతకం పెట్టకండి.